గుమ్మం విన్న జంట గంట

నేను ఒక లైబ్రరీని. వెంటనే పుస్తకాల బీరువాలూ, నిశ్శబ్దం పాటించమనే బోర్డూ, దాని కింద గురకపెట్టే గుమాస్తా ఊహించుకోకండి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు మాటిమాటికీ అవసరమయ్యే పనిని ఒకసారి శుభ్రంగా రాసిపెట్టుకుని, కావలసిన చోటల్లా తెచ్చి వాడుకుంటారు. ఆ రాతను కూడా లైబ్రరీ అనే అంటారు. నాది ఆ జాతి. నాకు రంగు లేదు, బరువు లేదు, తుడిచి అటక మీద పెట్టడానికి ఒళ్ళూ లేదు. ఏదైనా చెడిపోయిన రోజున తప్ప నా పేరు ఎవరూ తలుచుకోరు. అందుకే నా కథ నేనే చెప్పుకోవలసి వస్తోంది.

నా పని ఎదురుచూడటం. నవ్వకండి, మీలో చాలామందికి చేతకాని పని అది. ఒక ప్రోగ్రాముకు నాలుగు వైపుల నుంచీ కబుర్లు వస్తుంటాయి. ఒకరు మీట నొక్కుతారు, ఇంకొకరు దూరం నుంచి మాట్లాడతారు, గడియారం టైమైందంటుంది. ఒక్కొక్కరి కోసం ఒక్కొక్క కాపలా పెడితే ఇల్లు గుల్లవుతుంది కదా. అందుకని అందరి తరఫునా నేనొక్కదాన్నే వాకిట్లో కూర్చుంటాను. ఎవరొచ్చినా లోపలికి కబురందించి, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. ఇలా తిరగడాన్ని ఇంగ్లీషులో ఈవెంట్ లూప్ అంటారు. నన్ను రాసిన కాత్యాయని మాత్రం నాకు గుమ్మం అని పేరు పెట్టింది. ఆ పేరు నాకు ఎంతో నచ్చింది.

కాత్యాయని ఆఫీసు కాకినాడలో ఒక కాజాల కొట్టు మీద ఉంది. పాకం వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఆమె మీటల మీది జిగురు మాత్రం నాకు బాగా తెలుసు. నాలో సగం వాక్యాలు కాజా తింటూ రాసినవే. మిగతా సగం, కాజాలు మానేయాలని ఒట్టు పెట్టుకున్న రోజుల్లో రాసినవి. ఆ భాగంలో నేను కొంచెం కటువుగా ఉంటానని సత్తిరాజు అంటాడు. సత్తిరాజు ఆమె దగ్గరే పనిచేస్తాడు, కుర్రాడేమీ కాదు, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న ఇంజనీరు. నన్ను ఊరూరా తీసుకెళ్ళి కంప్యూటర్లలో దించి వచ్చేది అతనే.

ఇక్కడ ఒక చిక్కుంది. కంప్యూటర్లన్నీ ఒకటే అనుకుంటారు మీరు. లోపల కాపురం చేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి ఏ ఇంటి మర్యాద ఆ ఇంటిదే. లినక్స్ ఇంట్లో ఎవరైనా వచ్చారా అని అడిగితే వచ్చినవాళ్ళ పేర్లు చెబుతారు. మాక్ ఇంట్లో అదే ప్రశ్న వేరే పద్ధతిలో అడగాలి. విండోస్ ఇంట్లో అసలు వచ్చారా అని అడగడమే కుదరదు, పని ముందే అప్పగించి, అయ్యాక చెప్పండి అని కూర్చోవాలి. అందుకని కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే ముందు నా ప్రశ్నలు మొదలుపెడతాను. ఫలానా సదుపాయం ఉందా? ఉంటే పని చేస్తుందా? ఉండటం వేరు, పని చేయడం వేరు. మీ వీధి కుళాయిని అడగండి, చెబుతుంది. వచ్చిన జవాబులను బట్టి నా ఒళ్ళు ఆ ఇంటికి తగ్గట్టు కుదురుకుంటుంది. ఈ తతంగానికి కాస్త సమయం పడుతుంది. మనుషులకు అదే చిరాకు.

నేను చాలా కొలువులు చేశాను. భీమవరం పక్కన రొయ్యల చెరువుల్లో గాలి తిప్పే యంత్రాలకు కాపలా కాశాను. ఒక సినిమా హాల్లో టికెట్ల కిటికీ దగ్గర కూర్చుని, కొత్త సినిమా మొదటి రోజు మనుషులు ఎంత ఆశగా మీట నొక్కుతారో చూశాను. రొయ్యలే నయం. కానీ నేను పుట్టింది ఇందుకే కదా అనిపించిన కొలువు ఒక్కటే. అది మంజువాణి టీచర్ అవధానం.

మంజువాణి టీచర్ తుని హైస్కూల్లో తెలుగు చెబుతుంది. కాత్యాయనికి చదువు చెప్పింది కూడా ఆమే. బడి అయ్యాక ఆమె సాధన అంతా అష్టావధానం. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడకుండా పద్యం చెప్పమంటారు, ఒకరు సంబంధం లేని కబుర్లతో మనసు చెదరగొడతారు. అవధాని కాగితం కలం లేకుండా అందరికీ వంతులవారీగా జవాబు చెప్పాలి. ఈ గోల మధ్య ఆ ఎనిమిదిమందిలోనే ఒకరు తమ ఇష్టమొచ్చినప్పుడు గంట కొడుతుంటారు. చివర్లో మొత్తం ఎన్ని గంటలో అవధాని చెప్పాలి. కాత్యాయని ఈ సంగతి సత్తిరాజుకు వివరిస్తుంటే విని పొంగిపోయాను. మనుషుల్లో కూడా మా జాతివాళ్ళు ఉన్నారన్నమాట!

టీచర్ గురువు దీక్షితులు గారిది మండపేట. ఆయనది ఒకటే పట్టు. తన శిష్యుల్లో ఎవరినైనా అవధాని అని పిలవాలంటే ఆ సభలో గంట తానే కొట్టాలి, లెక్క సరిపోవాలి. అంతవరకు వాళ్ళు ఎంత పండితులైనా ఆయనకు అబ్బాయ్, అమ్మాయ్ మాత్రమే. మంజువాణి టీచర్ తల నెరుస్తున్నా ఇంకా అమ్మాయే. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ఎన్ని ఏళ్ళుగా సాధన చేస్తోందో కాత్యాయనికి తెలుసు.

సభ పెడదామంటే ఆయన మోకాళ్ళు గడప దాటనివ్వవు. ఆయన కోరుకున్న పృచ్ఛకులేమో తలా ఒక ఊళ్ళో ఉన్నారు. అప్పుడు కాత్యాయని నా మీద ఒక ప్రోగ్రాము కట్టింది. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని మాట్లాడతారు, అందరి మాటలూ నా గుండా వెళతాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళ మైకులు మూసుకుంటాయి కాబట్టి, గంట కోసం వేరే ఏర్పాటు చేసింది. దీక్షితులు గారి ఇత్తడి గంటకు ఒక మీట, దానికో వైరు. ఆయన గంట కొట్టగానే ఆ కబురు నాకు అందాలి, నేను అందరి ఇళ్ళలోనూ మోగించాలి.

సత్తిరాజు నన్ను తునిలో టీచర్ ఇంటితో కలిపి తొమ్మిది ఇళ్ళలో దించాడు. ఎనిమిది ఇళ్ళలో నా ప్రశ్నలు నేను తృప్తిగా అడిగాను. తొమ్మిదోది దీక్షితులు గారి ఇల్లు. అక్కడ ఉన్నది ఎప్పటిదో ముసలి యంత్రం, అందులో అంతకంటే ముసలి సిస్టమ్. దాని పేరు చెప్పను. కూర్చోబెట్టిన ఇంటిని రచ్చకీడ్చడం నాకు చేతకాదు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను. అది ఒక్కొక్క జవాబుకూ దగ్గి, ఆలోచించి, నిదానంగా చెబుతోంది. ఇంతలో వంటింట్లో నుంచి పెసరట్టు వచ్చింది.

"నాయనా, ఆ పెట్టె ఎక్కడికీ పారిపోదు. అట్టు చల్లారితే మళ్ళీ ఆ రుచి రాదు. లేచి చెయ్యి కడుక్కో," అన్నారు దీక్షితులు గారి భార్య కామేశ్వరమ్మ గారు.

"అయిపోవచ్చిందండి. ఒక్క అయిదు నిమిషాలండి."

"అయిదు నిమిషాలా! ఉప్మా వేసి తెచ్చాను, మెత్తబడిపోదూ?"

ఆ ఇంట్లో ఆవిడ మాట కాదన్నవాళ్ళు లేరు. సత్తిరాజు అటు అట్టును చూశాడు, ఇటు నన్ను చూశాడు. నా ప్రశ్నలు సగంలో ఆపేసి, తన లాప్‌టాప్‌లో అంతకుముందు నాకు దొరికిన జవాబులను తెచ్చి ఇక్కడ అతికించేశాడు. రెండు సిస్టములూ ఒకే వంశానివి కదా అని ధైర్యం చెప్పుకున్నాడు. అన్నదమ్ములకు చెప్పులు ఒకే కొలత ఉంటాయా? నేను అడగబోయిన ప్రశ్న అడగనే లేదు. వెంటవెంటనే రెండు కబుర్లు వస్తే ఈ ఇంటివాళ్ళు రెండూ చెబుతారా, లేక ఒక్కటే చెప్పి ఊరుకుంటారా? నన్ను అడగనిస్తే ఈ ఇంటి తీరు తెలిసేది, వాళ్ళు పిలిచేదాకా ఆగకుండా నేనే మాటిమాటికీ తొంగిచూసేదాన్ని.

సత్తిరాజు గంట ఒకసారి కొట్టి చూశాడు. మోగింది. అట్టు తిన్నాడు, ఇంకోటి వేయించుకుని అదీ తిన్నాడు, కాకినాడ బస్సెక్కాడు.

సభకు ముందు ఒక పూట అందరూ కలిసి అభ్యాసం చేశారు. దీక్షితులు గారి చేతికి ఒక అలవాటుంది. ఒక గంట కొట్టి, అవధాని దాన్ని లెక్కలో వేసుకునేలోపే రెండోది తగిలిస్తారు. తమ గురువుల దగ్గర నేర్చిన చిలిపితనం అది, దాన్ని జంట గంట అంటారు. ఆ జంటలో రెండోది ప్రతిసారీ నా దాకా రాకుండా ఆ ముసలి యంత్రంలోనే ఉండిపోయింది. పద్యాలన్నీ టీచర్ అద్భుతంగా చెప్పింది. చివర్లో గంటల లెక్క చెప్పింది. ఆయన లెక్కకు చాలా తక్కువ. మిగతా పృచ్ఛకులు ఎవరి గొడవలో వాళ్ళున్నారు, గంటలు లెక్కపెట్టింది గురుశిష్యులిద్దరే.

"అమ్మాయ్, పద్యం పండింది, చెవి పండలేదు. ఇంకో ఏడాది ఆగుదాం," అన్నారాయన మెల్లగా.

"నాదే పొరపాటండి," అంది టీచర్. అంతటితో ఆగకుండా అందరూ వెళ్ళాక మా ప్రోగ్రాములోనే కాత్యాయనిని పిలిచి, "నువ్వు శ్రమపడి అంతా ఏర్పాటు చేశావు తల్లీ, ఏమీ అనుకోకు. నాకిక రాదేమో," అంది. ఆ గొంతు నా గుండానే వెళ్ళింది. నాకు నోరుంటే ఆ క్షణాన అరిచి ఉండేదాన్ని.

మర్నాడు పొద్దున్నే కాత్యాయని మండపేట వెళ్ళింది. సభ వాయిదా వేయవద్దని గురువు గారిని బతిమాలుదామని ఆమె ఉద్దేశం. ఆమెకూ పెసరట్టు వచ్చింది.

"తినమ్మా. మీ సత్తిరాజుకి ఎంత ఇష్టమో! నేను చల్లారిపోతుందన్నానని పాపం సగం పని పక్కన పడేసి, గబగబా ఏదో అతికించి వచ్చేశాడు," అన్నారు కామేశ్వరమ్మ గారు మురిపెంగా.

కాత్యాయని చేతిలో ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఏం అతికించాడండి?"

ఆమె ఎంగిలి చేత్తోనే నా ముందుకొచ్చి కూర్చుంది. ఎడమచేత్తో వెతికి, ఆ జవాబులు, వెంటవెంటనే వచ్చే రెండు కబుర్ల సంగతితో సహా, ఈ ఇంటివి కావని చూసింది. "గురువు గారూ, మీ జంట గంట ఒకసారి కొట్టండి," అంది. ఆయన కొట్టారు. గదిలో రెండు మోగాయి, తెర మీద ఒకటే పడింది. ఆయన వంగి తెర వంక చూశారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఒకటే.

"అంటే అమ్మాయికి ఒకటే వినిపించిందా?"

"అవునండి. టీచర్ తనకు వినిపించినవన్నీ సరిగ్గానే చెప్పారు."

దీక్షితులు గారు తునికి ఫోన్ కలపమని, "అమ్మాయ్, నీ చెవి నిజం చెప్పింది. ఆదివారం సభ ఉంది, సిద్ధంగా ఉండు," అన్నారు. కాత్యాయని పాత జవాబులు చెరిపేసి, నా ప్రశ్నలు మొదటి నుంచీ అడగనిచ్చింది. ఈసారి ఆ ముసలి యంత్రం ఎంతసేపు దగ్గినా ఎవరూ తొందరపెట్టలేదు. నేను జవాబులన్నీ విన్నాను, తొంగిచూసే పద్ధతికి మారాను. ఆ సంతోషంలో కాత్యాయని ఎన్ని అట్లు తిందో కామేశ్వరమ్మ గారే చెప్పాలి.

ఆదివారం సభ ఎంత బాగా జరిగిందని! సమస్య ఇచ్చినాయన చిక్కుముడి వేశానని మురిసిపోతుండగానే టీచర్ దాన్ని విప్పేసింది. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన, "ఏమండీ, మీ బడి మధ్యాహ్న భోజనంలో ఈ వేళ గుడ్డు ఉందా?" అని అడిగితే, "ఉందండి, మీ ప్రశ్నలో లేని పస అందులో ఉంది," అంది. అందరూ ఒకేసారి నవ్వారు. ఎనిమిది వైపుల నుంచి వచ్చిన నవ్వులను ఒక్కటీ జారకుండా అందించడం ఎంత హాయిగా ఉందో మీకెలా చెప్పను! మధ్యమధ్య జంట గంటలు పడుతూనే ఉన్నాయి. రెండూ, ప్రతిసారీ రెండూ.

చివరికి లెక్క అడిగారు.

"నలభై మూడు," అంది మంజువాణి టీచర్.

వెంటనే దీక్షితులు గారి గొంతు వినిపించింది. "నలభై రెండమ్మాయ్. ఒకటి ఎక్కువ చెప్పావు."

కాకినాడలో సత్తిరాజు నెత్తి పట్టుకున్నాడు. మళ్ళీ గుమ్మమే కొంప ముంచిందనుకున్నాడు. నేను విన్నది నలభై మూడే. కానీ గుమ్మాన్ని సాక్ష్యానికి ఎవరు పిలుస్తారు?

టీచర్ ఈసారి నాదే పొరపాటు అనలేదు. "లేదండి గురువు గారూ. నలభై మూడు వినిపించాయి. నేను విన్నాను," అంది. గొంతు మెల్లగానే ఉంది, మాట మాత్రం గట్టిగా ఉంది.

అప్పుడు మండపేట మైకులో నుంచి, కాస్త దూరంగా, కామేశ్వరమ్మ గారి మాట వినిపించింది. "ఏమండీ, ఇందాక ఆ సమస్య విప్పినప్పుడు మీరు భళా అంటూ చెయ్యి విసిరారు కదా, అప్పుడు గంటకు తగిలి మోగింది. వంటింట్లో నాకు వినిపించింది. మీకు మీ భళాయే వినిపించినట్టుంది."

ఎనిమిది ఊళ్ళూ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. నవ్వు తగ్గాక దీక్షితులు గారు గొంతు సవరించుకున్నారు.

"అవధాని గారూ," అన్నారు. "నా లెక్క తప్పు. మీ లెక్క సరి."

ఆ మాటను తుని చేర్చింది నేను. నా బతుకులో అంత బరువైన కబురు మోయలేదు. తుని నుంచి మాత్రం చాలాసేపు ఏమీ రాలేదు. ఎదురుచూడటం నా వృత్తే కదా, చూశాను. చివరికి ముక్కు చీదిన చప్పుడొకటి వచ్చింది. దాన్ని కూడా జాగ్రత్తగా అందరికీ అందించాను.

మొన్నామధ్య దీక్షితులు గారి ముసలి యంత్రాన్ని పాత సామాన్ల బండివాడు పట్టుకుపోయాడు. అది ఉన్న చోట కామేశ్వరమ్మ గారు ఉల్లిపాయల బుట్ట పెట్టారు. ఇత్తడి గంట తుని వెళ్ళింది. ఇప్పుడు మంజువాణి అవధాని గారే శిష్యులకు గంట కొడుతున్నారు, అదీ జంటగా. సత్తిరాజు నా ప్రశ్నలు పూర్తయ్యేదాకా ఎవరింట్లోనూ మంచినీళ్ళయినా ముట్టడం లేదు.

నాకేమీ కాలేదు. కాత్యాయని నన్ను అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఊరూ పేరూ తెలియని యంత్రాల్లో దిగుతున్నాను, ప్రతి ఇంట్లోనూ ప్రశ్నలు అడుగుతున్నాను. వాటి చివర ఆమె ఒక కొత్త ప్రశ్న చేర్చింది. ఎక్కడో మంచు దేశంలో నన్ను దించుకున్నాయన, తెర మీద వచ్చే ఈ ఆఖరి వరుసకు అర్థమేమిటని ఉత్తరం రాశాడట. పెసరట్టు గురించి కూడా చెప్పకపోతే ఆయనకు అర్థం కాదని, కాత్యాయని ఇంకా జవాబు రాస్తూనే ఉంది. ఆ వరుస ఇది: జంట గంట... రెండూ వినిపించాయి. అది కనబడ్డాకే నేను గుమ్మంలో కుదురుగా కూర్చుంటాను.