బఠానీకి బలమైన మేత

కర్రల వంతెన చివర గొంతుక్కూర్చుని ఆంజనేయులు తాడు లాగాడు. చెక్ ట్రే నీళ్ళు కార్చుకుంటూ పైకి వచ్చింది. వలగుడ్డ మీద మూడు నాలుగు రొయ్యలు ఎగిరెగిరిపడి మళ్ళీ చెరువులోకి దూకేశాయి. తెల్లారగట్ల వేసిన మేతలో గింజ కూడా మిగల్లేదు. ఆయన మొహం విప్పారింది. పెట్టినదంతా తినేసేవాళ్ళంటే ఆంజనేయులుకి మొదటి నుంచీ ఇష్టం.

రొయ్యల చెరువులో తిండి కబురు చెప్పేది ఆ ట్రేనే. నీళ్ళ కింద ఎవరు తిన్నారో, ఎవరు పస్తున్నారో కంటికి కనబడదు కదా. అందుకని చెరువంతా మేత చల్లేటప్పుడు ట్రేలో కూడా ఇంత వేసి ముంచుతారు. కాసేపాగి తీసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఖాళీగా ఉంటే తర్వాతి పూట మేత పెంచాలి, మిగిలితే తగ్గించాలి. ఆంజనేయులు అక్కడితో ఆగడు. చెరువు అడుగు నుంచి గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. తినని మేత అడుగున కుళ్ళితే మట్టి నల్లబడి కంపు కొడుతుంది. ఆ పైన రొయ్య బతకదు. ఇవాళ మట్టి బాగానే ఉంది.

ఆయన పూర్తి పేరు సీతారామాంజనేయులు. అంత పేరూ రేషను కార్డు మీద పట్టింది గానీ, మనుషుల నోట్లో పట్టలేదు. అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్ళే దారిలో లోపలికి తిరిగితే వచ్చే ఈ చెరువులన్నీ ఒకప్పుడు వరిచేలు. అందులో ఆయన కౌలుకి చేసుకున్న చేను కూడా ఉంది. దాన్ని తవ్వి చెరువు చేసిన రోజున పక్క గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. తర్వాత అదే చెరువుకి మేత వేసే పనికి కుదిరి, గట్టు మీదే రేకుల షెడ్డులో కాపురం పెట్టాడు. ఓనరు గోపీనాథ్ గారు పంట పట్టిన ప్రతిసారీ "మా ఆంజనేయులు చెయ్యి మంచిదండీ" అని నలుగురిలో అంటారు. ఆ ఒక్క మాట మీద ఆయన తర్వాతి పంట దాకా బండి లాగించేస్తాడు.

షెడ్డుకి వచ్చి కాళ్ళు కడుక్కుని, తిన్నగా మంచం కిందున్న ప్లాస్టిక్ డబ్బా దగ్గరికి వెళ్ళాడు. అడుగున మందంగా ఊక పోసి, మూలన దూది కుక్కిన ఆ డబ్బా బఠానీ ఇల్లు. బఠానీ అంటే మనవరాలు లాస్య పెంచుకుంటున్న హ్యామ్‌స్టర్. గోధుమరంగు చిట్టెలుక, తోక ఉందో లేదో అన్నట్టుంటుంది. ఇంకా పిల్లది. గుడివాడలో కూతురు రాజకుమారి వాళ్ళు ఇల్లు మారుతున్నారు. సర్దుళ్ళలో ఇది ఎక్కడ నలిగిపోతుందోనని లాస్య తెచ్చి తాత చేతిలో పెట్టింది. ఈ ఆదివారం వచ్చి తీసుకెళ్తుంది. ఆలోగా దాన్ని పుష్టిగా పెంచి చూపించాలని తాత పంతం.

వెళ్తూ వెళ్తూ పిల్ల జాగ్రత్తలు చెప్పింది. "తాతయ్యా, ఇది ఎదిగే వయసంట. గింజలొక్కటే చాలవు, ప్రోటీన్ ఇంకొంచెం పెట్టాలంట. ఉడకబెట్టిన గుడ్డులో తెల్లసొన పెట్టు. గోరంతే సుమా!"

ప్రోటీన్ అన్న మాట వినగానే ఆంజనేయులు ఛాతీ ఉప్పొంగింది. మేత సంచి మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండే మాట అదే! ఆ సంబరంలో గోరంత అన్న మాట ఆయన చెవిన పడలేదు.

మొదటి రోజు పచ్చడి సీసా మూతలో కాస్త తెల్లసొన పెట్టాడు. తర్వాత చూస్తే మూత ఖాళీ. మర్నాడు పెంచాడు. మళ్ళీ ఖాళీ. ఉడికిన శనగలు పెట్టాడు, ఉప్పు పోయేలా కడిగిన రొయ్యపొట్టు పెట్టాడు, చివరికి రొయ్యల మేత కూడా చిటికెడు వేశాడు. ఎంత వేసినా మూత తుడిచిపెట్టినట్టుండేది. పైగా ఒకటి రెండు సార్లు దాని బుగ్గలు బూరెల్లా ఉబ్బి కనబడ్డాయి. ఒళ్ళు చేస్తోందనుకుని మురిసిపోయాడు.

"చూశావా లక్ష్మీ, ఇవాళా ఖాళీ! దీనికింకా చాలట్లేదే."

భార్య వీరలక్ష్మి పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే అంది. "ఎలక్కి రోజుకో గుడ్డు! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. పెళ్ళైనకాణ్ణుంచీ నీ పక్కనే కూర్చున్నాను. నాకెప్పుడైనా ఒక గుడ్డు ఒలిచి పెట్టావంటయ్యా?"

"నువ్వు ఎదిగే వయసులో లేవు కదే."

"ఎదిగే వయసులోనే వచ్చాను నీ ఇంటికి" అంది ఆవిడ.

అని నవ్వేసింది. ఆయనా నవ్వేసి, మూత నిండా తెల్లసొన తరిగి డబ్బాలో పెట్టాడు. బఠానీ పగలు పడుకుని సాయంత్రం లేచే జాతి. దూదిలోంచి కదలికైనా లేదు. నిద్ర చెడగొట్టడం ఎందుకని ఆయన కదపలేదు.

మధ్యాహ్నం గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది. "తాతయ్యా, బఠానీ ఎంతైంది?" అని అరిచింది లాస్య. వెనక మంచాలు ఈడుస్తున్న చప్పుడు.

"నువ్వు గుర్తుపట్టలేవు! ఆదివారం రా, అరచేతిలో పట్టదు."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ."

ఎండ వాలుతుండగా వీరలక్ష్మి ముక్కు చిట్లించింది. "ఏదో కంపు కొడుతోందయ్యా."

"పక్క చెరువులో రొయ్యలు పట్టేశారుగా, ఆ బురద. చెరువు గట్టు మీద కాపురానికి సంపెంగల వాసనొస్తుందా?" అని ఆయన సాయంత్రపు మేతకి వెళ్ళిపోయాడు. నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తుంపర్లు చిమ్ముతుంటే, సంచి చంకన పెట్టుకుని చెరువు చుట్టూ తిరిగాడు. ట్రేలన్నీ ఖాళీ. ఈలపాట పాడుకుంటూ తిరిగి వచ్చాడు.

వచ్చి డబ్బా మంచం కిందనుంచి లాగాడు. మూతలో పొద్దున పెట్టిన తెల్లసొన పెట్టినట్టే ఉంది, ఎండి అంచులు లేచింది. ఎక్కడైనా మేత మిగిలిందంటే దానర్థం ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దూది విప్పాడు. బఠానీ ముడుచుకుని పడుకునే ఉంది. తోక కింద వెంట్రుకలు తడిసి అంటుకుపోయాయి. వేలితో తాకితే ఒళ్ళు చల్లగా ఉంది. అరచేతిలోకి తీసుకున్నాడు. వారం రోజులు బలమైన మేత మేపిన ప్రాణి, దూదిపింజంత బరువు కూడా లేదు.

గూడు పక్కన ఊక కదిపేసరికి కంపు గుప్పుమంది. కింద పెద్ద కుప్ప ఉంది. పచ్చగా మారిన తెల్లసొన, బూజు పట్టిన శనగలు, తడిసి నల్లటి ముద్దైపోయిన రొయ్యల మేత. పెట్టినదంతా బుగ్గల్లో కుక్కుకుని మోసుకొచ్చి దాచింది. కుళ్ళిన దాంట్లోంచే తిన్నట్టుంది.

"ట్రే చూశాను గానీ, అడుగు చూడలేదే లక్ష్మీ" అన్నాడు.

వీరలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది.

"రోజూ పెడుతూనే ఉన్నాగా! దాచుకోవడం దేనికే?"

"రోజూ పెడతావని దానికేం తెలుసయ్యా" అంది ఆవిడ మెల్లగా.

లాస్యకి ఆయనే ఫోన్ చేశాడు. రాజకుమారి అందుకుంటే, పిల్లకే ఇవ్వమన్నాడు. "నాదే తప్పమ్మా. నువ్వు గోరంత పెట్టమన్నావు, నేను ఎక్కువ పెట్టేశాను" అన్నాడు. అవతల చాలాసేపు ఏడుపు వినిపించింది. ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. చివరికి పిల్ల అడిగింది. "ఆకలికి చచ్చిపోలేదుగా తాతయ్యా?"

"లేదు తల్లీ" అన్నాడు.

గట్టు మీద నీళ్ళు ఎక్కని చోట గుంట తీసి బఠానీని పెట్టి వచ్చాడు. కుళ్ళినదంతా ఎత్తి దూరంగా పాతేశాడు. చేతులు తోముకుని వచ్చేసరికి వీరలక్ష్మి కంచం పెట్టింది. అన్నం, చేపల పులుసు. ఆయన అన్నం కలుపుతూ తలెత్తాడు.

"నువ్వు తిన్నావా?"

"ఎప్పుడో తినేశాను. కంచం కూడా కడిగేశాను, చూడు."

ఆవిడ కంచం గోడవార బోర్లించి ఉంది. ఏళ్ళ తరబడి ఆయన చెరువు నుంచి వచ్చేసరికి అది అలాగే ఉంటుంది. అది చూసి, తిన్నదనుకుని, తను తిని పడుకునేవాడు. ఇవాళ ఆయన చూపు దాని మీదే ఆగిపోయింది. ఎంగిలి చేత్తోనే లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి గిన్నెల మూతలు తీశాడు. అన్నంలో తనకి వడ్డించిన మేర ఒక్క చోటే గుంట పడింది. పులుసు గిన్నె గీకి ఉంది. చేప ముక్కలన్నీ తన కంచంలోనే ఉన్నాయి.

"ఆకలి లేదయ్యా, ఏదో..." అని నసిగింది వీరలక్ష్మి.

ఎన్నాళ్ళ నుంచి అని అడగడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. బోర్లించిన కంచం తిప్పి, అన్నం పెట్టి, తన చేప ముక్కల్లో పెద్దవి తీసి అందులో వేశాడు. బఠానీ కోసం ఉడకబెట్టిన గుడ్డు ఇంకొకటి ఉంటే అదీ ఒలిచి పక్కన పెట్టాడు.

"ఎలక్కి వండింది నాకా?" అంది గానీ, ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"తిను. నేను చూస్తూ కూర్చుంటాను."

"ఎవరైనా చూస్తుంటే తినబుద్ధవుతుందా?"

"అయినా సరే, తిను."

ఆవిడ తల వంచుకుని తింది. ఆఖరి ముద్ద మింగేదాకా ఆయన కదల్లేదు. మంచం పక్కన ప్లాస్టిక్ డబ్బా తెరిచే ఉంది. దాని మూలన దూదిలో, బఠానీ ముడుచుకుని పడుకున్న మేరకి, గుండ్రటి చిన్న గుంట ఇంకా పూడకుండా ఉంది.