జాడీకి గాలి తగలాలి

గాజు జాడీని వేడినీళ్లతో రెండుసార్లు కడగాలి.
మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, పిండి కాకుండా, పలుకులుగా మర ఆడించాలి.
వేడినీళ్లలో నానబెట్టి, తీపి దిగాక వడకట్టాలి.
ఆ తీపినీళ్లలో చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగించాలి.
త్వరగా చల్లార్చి జాడీలో పోయాలి.
గాలి తగలనివ్వాలి.
ఈస్ట్ వేసి మూత బిగించాలి.
ఇది బీరు అని అమ్మ పక్కింటివాళ్లకు చెప్పకుండా చూడాలి.

చివరిది తప్ప మిగతావన్నీ మా మాస్టారు చెప్పినవే. కెమిస్ట్రీ డిగ్రీ చివరి ఏడాదిలో బీరు తయారీ శాస్త్రం మా ప్రత్యేక సబ్జెక్టు. ఇద్దరికి ఒక జాడీ చొప్పున ఇచ్చారు. శుక్రవారం బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి వస్తారు. ఆయన వచ్చేసరికి జాడీలో పులియడం మొదలై చక్కెర తగ్గుతూ ఉండాలి. లేకపోతే ఏడాదంతా మళ్లీ చదవాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. ఇంకో ఏడాది చదివించే ఓపిక ఇంట్లో లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందుకే నాకు మరీ భయం.

అమ్మ ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తుంది. వార్డులకు పాలగిన్నెలు మోస్తుంది. నా సబ్జెక్టు సంగతి తెలిసిన రోజున నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"తాగడానికి కూడా డిగ్రీ ఇస్తున్నారా ఏంటి?"

"తాగడానికి కాదమ్మా, తయారు చెయ్యడానికి."

"తాగేవాడి కన్నా పోసేవాడికే పాపం ఎక్కువ." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మార్కులు బాగా వేస్తారా?" అంది.

నాకు జోడీగా వచ్చిన అమ్మాయిని క్లాసంతా 'జల్లు' అని పిలుస్తారు. ఆమె నడిచిన చోట ఏదో ఒకటి ఒలికి తీరుతుంది. సోమవారం జాడీ నింపేటప్పుడు ముందే చెప్పేశాను.

"జల్లూ, నువ్వు దూరంగా నిలబడి ధైర్యం చెప్పు చాలు."

"ధైర్యం కూడా ఒలికిపోతే?"

"తుడుచుకుందాంలే."

రబ్బరు గొట్టాన్ని జాడీ గోడకు ఆనించి, సన్నటి ధారగా దింపాను. ఒక్క బుడగ కూడా లేవలేదు. నిండుకుండ తొణకదు అని అమ్మ నాకు మాటలు రాకముందే నేర్పింది. జల్లు చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టింది. తర్వాత చెయ్యాల్సింది, గాలి తగలనివ్వడం. కిటికీలు రెండూ తెరిచి, హాస్టల్ గది నుంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి జాడీకి ఎదురుగా పెట్టాను.

"ఎంతలో పెట్టను?" అంది జల్లు.

"రెండులో పెట్టు. మరీ ఎక్కువైతే జలుబు చేస్తుంది."

ఆ తర్వాత ఈస్ట్ వేసి, లోపలి వాయువు బుడగలుగా బయటికి పోయే గొట్టాన్ని మూతలో బిగించాం.

మర్నాటికి మిగతా జాడీలన్నీ నురగ కట్టి, గొట్టాల్లోంచి గుడగుడమంటున్నాయి. మాది మాత్రం తపస్సులో ఉంది. అమ్మకు ఫోన్ చేసి, ఈస్ట్ ఇంకా లేవలేదని చెప్పాను.

"పడుకోనివ్వవే. మధ్యలో లేపితే చిరాకు పడుతుంది. చప్పుడు చెయ్యకండి."

అప్పటి నుంచి ఇద్దరం జాడీ చుట్టూ మునివేళ్ల మీద తిరిగాం. జల్లు చెప్పులు కూడా బయటే విడిచింది.

బుధవారం మాస్టారు వచ్చి జాడీకి చెవి ఆనించారు. "ఏంటి, మౌనవ్రతమా? ఎలా పోశారమ్మా?"

"ఒక్క బుడగ కూడా రానివ్వలేదు సార్," అన్నాను గర్వంగా.

"మరి గాలి?"

"గంటసేపు ఫ్యాన్ పెట్టాం సార్."

ఆయన కళ్లజోడు తీసి స్టూలు మీద కూలబడ్డారు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాం. తీరా చూస్తే నవ్వు.

"జాడీకి ఉక్కపోస్తోందనుకున్నారా తల్లీ!"

నవ్వు తగ్గాక విడమరిచి చెప్పారు. మరిగినప్పుడు నీళ్లలో కలిసి ఉన్న గాలంతా పోతుంది. ఈస్ట్ కూడా ప్రాణే. అది పిల్లాపాపలతో పెరగాలంటే మొదట్లో ఆక్సిజన్ కావాలి. గాలి పైపైన వీస్తే చాలదు, లోపల కలవాలి. ఎత్తు నుంచి పోయాలి, లేదా గట్టిగా కుదపాలి.

"నిండుకుండ తొణకదు కదా సార్," అన్నాను ఏడుపు గొంతుతో.

"తొణకదు. అందుకే పులవదు కూడా. కానివ్వండి, కుదపండి. ఇంకా మొదలవలేదు కాబట్టి సరిపోయింది. మొదలయ్యాక గాలి కలిస్తే మాత్రం రుచి చెడుతుంది."

గొట్టం తీసి, శుభ్రమైన బిరడా బిగించి, జాడీని రెండు చేతులా పట్టుకుని ఊపాను.

"జోల పాడుతున్నావా?" అన్నారు మాస్టారు.

జల్లు నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. "తప్పుకో. పుట్టినప్పటి నుంచీ దీనికే ప్రాక్టీసు చేస్తున్నా."

జాడీని బల్లమీదే కౌగిలించుకుని ఒక కుదుపు కుదిపింది చూడండి, లోపల తుఫాను లేచింది. పక్క బల్లలవాళ్లు తాళం వెయ్యడం మొదలుపెట్టారు. నేను రెండోవైపు పట్టుకున్నాను. నిండుగా ఉన్న పాత్రను కావాలని కుదపడం నా జన్మలో అదే మొదటిసారి. బిరడా సందులోంచి చిమ్మిన తీపినీళ్లు నా కళ్లజోడు మీద పడ్డాయి. పొట్ట పట్టుకుని నవ్వాను. మాస్టారు ఇంకో పొట్లం ఈస్ట్ ఇచ్చారు, అదీ వేసి గొట్టం మళ్లీ బిగించాం.

సాయంత్రానికి ఏమీ లేదు. గురువారం పొద్దున తలుపు తియ్యగానే 'గుడుక్' అని వినిపించింది. ఇద్దరం జాడీకి చెవులు ఆనించాం. మళ్లీ 'గుడుక్'.

"తేన్చింది! మన పిల్ల తేన్చింది!" అని జల్లు వరండా అంతా పరిగెత్తింది.

అమ్మకు ఫోన్ చేశాను. "చెప్పానా, పడుకోనిస్తే అదే లేస్తుందని," అంది. కాదని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

శుక్రవారం పరీక్షాధికారి హైడ్రోమీటర్ వేశారు. చక్కెర తగ్గేకొద్దీ అది కిందికి దిగుతుంది. మిగతావాళ్ల జాడీల్లో దిగినంత దిగలేదు గానీ, దిగింది.

"మీది ఆలస్యమైందేం?"

నేను నోరు తెరిచేలోపే జల్లు అందుకుంది. "దానికి ఫ్యాన్ గాలి పడలేదు సార్."

మాస్టారు దగ్గు నటిస్తూ గది దాటారు. మేమిద్దరం పాసయ్యాం.

నేనిప్పుడు ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నాను. జల్లు ఒక బడిలో కెమిస్ట్రీ చెబుతోంది. మీ పాప ఎప్పుడైనా చొక్కా మీద నీలం మరకతో, నోటినిండా కబుర్లతో ఇంటికొస్తే, మరక సంగతి తర్వాత చూసుకోండి. ముందు కబుర్లు వినండి. వింటూ మా జల్లును ఒక్కసారి తలుచుకోండి.