నటించిన మతిమరుపు

రగ్బీ జట్టు డ్రెస్సింగ్ రూములో చెమట, నొప్పినూనె, తడి సాక్సులు కలిసి ఒకటే కంపు. ఫిజియోకి అది అలవాటే. ఆ రోజు ఆమె మొహం చిట్లించింది మాత్రం కంప్యూటర్ తెర మీది మార్కులు చూసి.

కిందటి మ్యాచ్‌లో తలకు తల గుద్దుకుని బుల్డోజర్ నేల మీద పడ్డాడు. జట్టులో అందరికన్నా బరువైనవాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిచేది వాళ్లావిడ ఒక్కతే. లేచాక తను ఏ వైపు పరిగెత్తాలో మరిచిపోయాడు. మెదడు అదిరిందని ఫిజియో అప్పుడే బయట కూర్చోబెట్టింది. ముందు విశ్రాంతి, తర్వాత నడక, సైకిలు, పరుగు, చివర్న గుద్దుకునే సాధన. తలనొప్పి, కళ్లు తిరగడం లేకపోతేనే పై మెట్టు. వాటితోపాటు, సీజను మొదట్లో తల బాగున్నప్పుడు రాసిన జ్ఞాపకశక్తి పరీక్షకు ఇప్పటి పరీక్ష సమానంగా రావాలి.

ఇప్పటిది సమానంగా కాదు, ఇంకా బాగా వచ్చింది. దెబ్బ తగిలాక తెలివి పెరిగినట్టు.

"చూశావామ్మా, మావాడు ఉక్కుముక్క," అన్నాడు కోచ్. "ఇక మెట్లూ గిట్లూ ఎందుకు? రేపు ఫైనల్. ఆడొచ్చని చెప్పెయ్."

"సార్, మొదట్లో ఇతనికి నెలల పేర్లు కూడా వరసగా రాలేదు. అదెలా?"

బూట్ల లేసులు కట్టుకుంటున్న కెప్టెన్ పకపకా నవ్వాడు. "అక్కా, నీకింకా తెలీదా? ఆ మొదటి పరీక్ష రోజు అందరం కావాలనే మొద్దులమవుతాం. అప్పుడు తెలివి చూపిస్తే దెబ్బ తగిలాక బెంచీయే గతి. కొత్తగా వచ్చినవాళ్లకి బంతి పట్టడం కంటే ముందు నేర్పేది ఇదే."

ఫిజియో కోచ్ వైపు చూసింది. "లౌక్యంలేమ్మా," అన్నాడు.

ఆమె మూలనున్న వ్యాయామం సైకిలు చూపించింది. బెంచీ మీద కూర్చున్న బుల్డోజర్ లేచి ఎక్కాడు. ట్యూబులైటు కింద కళ్లు చికిలించుకుని తొక్కాడు. కాసేపటికి మొహం పాలిపోయింది. "ఇంకా తొక్కాలా అక్కా?" అంటూనే దిగి, భళ్లున కక్కుకున్నాడు.

కోచ్ బూటు మీద చింది పడింది. తువ్వాలు తీసి బూటు తుడుచుకున్నాడు. అదే తువ్వాలు బుల్డోజర్ చేతిలో పెట్టాడు. "మూతి తుడుచుకో. ఏదో పడని తిండి తినుంటావు. రేపటికి సర్దుకుంటుంది."

బుల్డోజర్ తుడుచుకున్నాడు కూడా.

ఫిజియో టోర్నమెంటు డాక్టరుకు అక్కడే, అందరూ వింటుండగా ఫోన్ చేసింది. "మా జట్టు మొదటి పరీక్షలన్నీ దొంగవి. వాటిని నమ్మి ఎవర్నీ ఆడించకండి. తలకు దెబ్బ తగిలిన మా బుల్డోజర్ రేపు ఆడడు."

"జట్టులో ఉండి జట్టు గొంతు కోస్తావా?" అన్నాడు కోచ్.

"గొంతు సంగతి కాదు సార్, తల సంగతి."

బుల్డోజర్‌ను పక్క గదిలోకి నడిపించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి దీపం ఆర్పింది.

"నా పొట్ట కొట్టావక్కా. పెద్ద జట్టువాళ్లు రేపు నా ఆట చూడ్డానికొస్తున్నారు. నీ మొహం చూడాలంటే అసహ్యంగా ఉంది."

"చూడకు. కళ్లు మూసుకో."

అతను మూసుకున్నాడు. నాలుక మందంగా కదిలిస్తూ అడిగాడు. "ఫైనల్ ఎప్పుడక్కా?"

"రేపు."

"ఓహో. మరి... ఫైనల్ ఎప్పుడు?"

ఇది నటన కాదు. మళ్లీ వాంతి చేసుకుంటుంటే ఆమె ఒక చేత్తో అతని తల పట్టుకుని, రెండో చేత్తో అంబులెన్సుకు ఫోన్ చేసింది.

కోచ్ తలుపు సందులోంచి తొంగి చూశాడు. "వెనక గేటుకు రమ్మనమ్మా. ముందు పత్రికలవాళ్లున్నారు. ఫైనల్ ముందు గోల దేనికి?"

"ఏ గేటండీ?" అంది ఫోన్‌లో గొంతు.

"ముందు గేటు," అంది ఫిజియో. "దగ్గర దారి అదే."