నరం తీసిన పన్ను

వాకిట్లో తమ కొట్టు దగ్గర కొబ్బరికాయలు వలిచేవాళ్ళకి చారు పోపు పెడుతూ, ఎందుకో నాలుకతో పళ్ళు తడుముకుంది అనిత. కింది దవడ పన్ను పక్కన చిగురు మెత్తగా ఉబ్బి తగిలింది. నొప్పి మాత్రం లేదు.

నిరుడు ఆ పన్నుకే రాజోలులో నరం తీయించుకుంది. పంటి వేళ్ళలో మందు కూరి, పైన తాత్కాలికంగా సిమెంటు పెట్టి, గట్టి మూత వెయ్యడానికి వారంలో రమ్మంది డాక్టరు బ్లెస్సీ. ఆ వారం లారీ లోడు. పైవారం అత్తగారి మోకాళ్ళు. ఆ తర్వాత, "నొప్పి పోయిందిగా, ఇంకా మూతేంటే? కొట్టు మానేసి నీ పన్ను చుట్టూ తిరగమంటావా?" అన్నాడు మొగుడు నాగసతీష్. "మాకు పళ్ళు లేవేంటమ్మా! ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే సరిపోద్ది," అంది అత్తగారు. ఆ సిమెంటు ముక్క ఏ పూట ఊడి అన్నంలో కలిసిపోయిందో అనితకే తెలీదు.

మర్నాడు పొద్దున్నే, ఎవర్నీ అడక్కుండా మలికిపురంలో రాజోలు బస్సెక్కేసింది.

బ్లెస్సీ ఎక్స్‌రే చూపించింది. "వేళ్ళలో పెట్టిన మందు మంచిదే అనితగారూ. కానీ పైన మూత లేకపోతే ఏ మందైనా ఎన్నాళ్ళు ఆపుతుందండీ? ఉమ్మితో పాటు క్రిములు సందుల్లోంచి దిగి ఎముక దాకా పోయేయి. పన్ను కూడా నిలువునా చీలింది. తీసెయ్యాలండి."

"ఆయ్," అంది అలవాటుగా. తర్వాత గుర్తొచ్చి అడిగింది: "మరి నొప్పే రాలేదేంటండీ?"

"నరం తీసేశాం కదండీ. ఇంకదేం చెబుతుంది, పాపం?"

మొగుడికి ఫోన్ చేసింది. "పీకించేసుకో. లోపలి పన్నేగా, ఎవడు చూడొచ్చేడు? వచ్చేప్పుడు పెరుగట్టుకురా."

దూది కరిచిపట్టి ఇంటికొచ్చేసరికి ఎంగిలి గిన్నెలన్నీ ఎదురుచూస్తున్నాయి. "ఊరేగొచ్చేరండీ మహారాణిగారు! కూలోళ్ళు పస్తు పడుకోవాలి," వాకిట్లో అందరూ వినేలా అన్నాడు నాగసతీష్. కాయలు వలిచేవాళ్ళు నవ్వేరు.

పెళ్ళైన కొత్తలో ఇలాంటి మాటకి అన్నం మానేసి ఏడ్చేది. ఏ ఏడాదో ఆ ఏడుపు ఆగిపోయింది. కోడలికి అణకువొచ్చిందని మెచ్చుకున్నారందరూ. సర్దుకున్నానని తనూ అనుకుంది.

ఇప్పుడూ అంతే. ఆ మాట ఎక్కడా తగల్లేదు.

గిన్నె అందుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. చెంప నొక్కి చూసుకుంది; మొద్దు. గుండె మీద చెయ్యేసుకుని నొక్కింది, అదీ మొద్దే. మత్తు సూది దవడకే కదా ఇచ్చింది అనుకుంది అనిత, మొదటిసారి భయపడుతూ.