రంపం పడిన తుపాకి

నెడ్రా కట్‌లిప్ ఆ తుపాకిని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, బెల్టు కూడా పెట్టి తీసుకొచ్చింది. మొగుడు డెంజిల్ బతికున్నన్నాళ్లూ అదే సీట్లో కూర్చున్నాడు గానీ, ఒక్కరోజు బెల్టు పెట్టుకున్న పాపాన పోలేదు.

ఆర్లీ టెనెంట్ షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పైన్ ఫోర్క్ కొండల్లో పాత సైనిక తుపాకి మీద ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆ షెడ్డుకే రావాలి. యుద్ధాలు ముగిశాక దేశదేశాల సైన్యాలు వదిలించుకున్న తుపాకులు పెట్టెలకు పెట్టెలు గ్రీజు ముద్దల్లో మునిగి అమెరికా చేరుతుంటాయి. వాటిని కొనడం, కడగడం, ఉక్కు మీద కొట్టిన ముద్రలు చదివి అది ఏ ఊళ్లో పుట్టిందో ఏ దేశాలు తిరిగిందో తేల్చడం, ఇదే ఆర్లీకి, డెంజిల్‌కి యాభై ఏళ్ల సరదా. ఇద్దరూ చదివేది ఒకే ముద్రలైనా చెప్పేది మాత్రం ఒకటి కాదు. ఆర్లీ ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. డెంజిల్ మాటలు కోటలు దాటేవి. అతను పేల్చిన ఒక గుండు జింకను పడగొట్టి, వెనకున్న చెట్టును కూల్చి, ఆ చెట్టు ఏటికి అడ్డంగా పడి ఆనకట్టై, తెల్లారేసరికి ఆ మడుగులో నలభై చేపలు దొరికాయట. నలభై ఎలా వచ్చాయంటే, ముప్ఫై తొమ్మిదే పట్టాననీ, ఒకటి జారిపోయిందనీ, తాను అబద్ధం ఆడననీ అనేవాడు.

అటువంటి డెంజిల్ పోయిన జనవరిలో పోయాడు.

"ముసలోడా, చూస్తూ నిలబడ్డావేం? వచ్చి పట్టుకో," అంది నెడ్రా.

"ముందు బోల్టు తెరువు. ఖాళీగా ఉందో లేదో చూడందే తుపాకి చేతులు మారకూడదు."

"పదకొండేళ్లు నా పొయ్యి గోడ మీద ఖాళీగా వేలాడింది. నా మీద కూడా నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నిన్ను కట్టుకున్నవాడి మీద లేదు."

నెడ్రా నవ్వుతూ బోల్టు లాగి చూపించింది. వచ్చిన పని ఆర్లీకి తెలుసు. నెలాఖరు సోమవారం, యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే రోజు, సైనికుల హాల్లో డెంజిల్ తండ్రి హోబర్ట్ పేరిట ఈ తుపాకిని గోడకు తగిలిస్తారు. హోబర్ట్ దాన్ని నలభై అయిదులో జర్మనీ నుంచి తెచ్చాడు. దాని కింద పెట్టే అట్ట మీద వివరం రాసి సంతకం పెట్టాల్సింది ఆర్లీ. అతని సంతకం ఉంటే ఆ కొండల్లో మళ్లీ ఎవరూ మాట్లాడరు.

తుపాకిని బల్ల మీద పెట్టి దీపం దగ్గరికి లాక్కున్నాడు. డెంజిల్ ఇంట్లో, ఎదురు గోడ మీద ఈ తుపాకి వేలాడుతుంటే ఎన్నో భోజనాలు చేశాడుగానీ ఒక్కసారీ చేతికి అందలేదు. అడిగినప్పుడల్లా డెంజిల్ "ఇది చదివే తుపాకి కాదురా, చూసే తుపాకి" అని తప్పించేవాడు.

"దీనికి గ్రీజు వదలగొట్టింది ఎక్కడో తెలుసా? నా ఓవెన్లో," అంది నెడ్రా, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "చెక్కని వేడి చేస్తే గ్రీజు కారుతుందని నువ్వే నేర్పావట. ఆ ఏడు టర్కీ కోడి తిన్నవాళ్లంతా వారం రోజులు తుప్పు పట్టలేదు."

ఆర్లీ నవ్వబోయి ఆగాడు. ఇంట్లో నలభై అయిదు నుంచీ ఉన్న తుపాకికి వదలగొట్టాల్సినంత గ్రీజు ఎక్కడిది? గొట్టం కింద ఉండే తుడుపు కడ్డీని మెల్లగా బయటికి లాగాడు. కడ్డీ దాక్కునే చోట, గొట్టం అడుగున, నల్ల మైనం పూసి ఉంది. బొటనవేలి గోటితో గీకాడు. మైనం కింద బియ్యపుగింజంత అక్షరాలు బయటపడ్డాయి. దిగుమతి చేసుకున్న కంపెనీ పేరూ, ఊరూ.

సైనికుడు సంచిలో వేసుకుని తెచ్చిన తుపాకికి ఆ ముద్ర ఉండదు. కొట్టులో కొన్నదానికే ఉంటుంది. అది చదవడానికి ఆర్లీకి అద్దం కూడా అక్కర్లేదు.

"ఏమంటోంది ఉక్కు?" అంది నెడ్రా.

"మంచి తుపాకి," అన్నాడు ఆర్లీ. "గొట్టం లోపల అద్దంలా ఉంది."

"నేనడిగింది అది కాదు." చేతిసంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పరిచింది. "మామగారి పొగాకు డబ్బాలో దొరికింది. అట్ట పక్కన ఇదీ పెడదామని."

అది హోబర్ట్ పై అధికారి రాసిచ్చిన అనుమతి. కార్పొరల్ హోబర్ట్ కట్‌లిప్ శత్రువు నుంచి దొరికిన రైఫిల్ ఒకటి ఇంటికి తీసుకుపోవచ్చు. కింద నంబరు, 6318.

బల్ల మీది తుపాకి నంబరు అది కాదు. ఆర్లీ దానికేసి చూడను కూడా లేదు. 6318 అన్న అంకెలు అతనికి తన పుట్టినరోజు కన్నా బాగా తెలుసు. నలభై ఆరేళ్లుగా ప్రతి నవంబరులో, జింకల వేట ముగిశాక, తన వేట తుపాకి మీది ఆ నాలుగంకెలను నూనె గుడ్డతో తుడుస్తున్నాడు.

అరవై ఏడు శరదృతువు కళ్ల ముందుకొచ్చింది. ఆ రోజుల్లో పైన్ ఫోర్క్ ఇనుప సామాన్ల కొట్లో పాత తుపాకులు చీపుళ్లలా పీపాలో నిలబెట్టి ఉండేవి. వచ్చిన ప్రతివాడూ ఒకటి లాగి, గొట్టంలోంచి ఆకాశం చూసి, నచ్చకపోతే మళ్లీ గుచ్చేవాడు. కొట్టు నిండా గ్రీజు వాసన. ఆ వాసన ఇప్పుడు తగిలినా ఆర్లీకి ఇరవై రెండేళ్లే. కొన్నవాడు కొన్నట్టే ఇంటికెళ్లి, బరువు తగ్గడానికి గొట్టం కింది ముందు చెక్క కోసేసి, గొట్టం పొట్టి చేసి, వేట తుపాకి చేసుకునేవాడు. అది తప్పని ఎవరికీ తోచలేదు. కోయనివాడే సోమరి.

డెంజిల్ కూడా ఒకటి తెచ్చాడు. పీపాలోది అన్నాడు. గడ్డి కొట్టంలో ఆర్లీ పట్టుకున్నాడు, డెంజిల్ రంపం తీశాడు. ఆ చెక్కను గొట్టానికి పట్టి ఉంచే ఉక్కు పట్టీ విప్పారో లేదో, రంపం ఆనకముందే ముందు చెక్క ఊడి ఆర్లీ కాలి మీద పడింది. పట్టీ కింద అది ఎప్పుడో తెగి ఉంది. ఆర్లీ పడీ పడీ నవ్వాడు. డెంజిల్ నవ్వలేదు. "యుద్ధం చివర్లో ఆకలి కడుపులతో చేసిన తుపాకిరా, చెక్క పుచ్చుది," అని మిగతాది కోశాడు. ఆ వారమే దాన్ని ఆర్లీకి ఇచ్చేశాడు. తనకు అచ్చిరాలేదన్నాడు.

అలాంటి కోత ఎందుకుంటుందో ఆర్లీకి పదేళ్ల తర్వాత తెలిసింది. యుద్ధం నుంచి వచ్చే సైనికులు సంచిలో పట్టడం కోసం పట్టీ కింద, పైకి కనిపించనిచోట కోసి రెండు ముక్కలు చేసేవారని. చేతికొచ్చిన తుపాకులన్నిటికీ ఆ కోత ఉందా అని వెతికేవాడు. తన తుపాకికి మాత్రం వెతకలేదు. దానికి వెతకడానికి ముందు చెక్కే లేదు. పైగా అది పీపాలోదని డెంజిల్ చెప్పాడు. జన్మంతా అబద్ధాలాడిన మనిషి చెప్పిన ఒక్క మాటను ఆర్లీ పరీక్షించకుండా నమ్మాడు.

"ఆర్లీ, నీకు ఒంట్లో బాగుందా?"

"రాస్తాన్లే. సోమవారానికి అట్ట నీకు అందుతుంది," అన్నాడు. ఒక్క సంతకం. డెంజిల్ పరువు ఉంటుంది, నెడ్రా మనసు నొచ్చుకోదు, తన తుపాకి తన తలుపు వెనకే ఉంటుంది. పెన్ను తీశాడు. 'కార్పొరల్ హోబర్ట్' దాకా రాశాడు. చెయ్యి ముందుకు పోలేదు.

"నెడ్రా," అన్నాడు, "ఇది మీ మామగారిది కాదు."

"కాదని నాకు తెలుసు."

ఆర్లీ పెన్ను కింద పడేశాడు.

"రెండువేల మూడులో ఇంత పొడుగు పెట్టె వచ్చింది. తెచ్చినవాడి కాగితం మీద సంతకం పెట్టింది నేనే. మీ ఇద్దరికీ నెలకో పెట్టె వచ్చేది, ఇంకోటనుకున్నా. వారం తర్వాత అది గోడెక్కి 'మా నాన్న తెచ్చింది' అయి కూర్చుంది."

"మరి ఎందుకూరుకున్నావ్?"

"నలభై చేపల్ని మింగినదాన్ని, ఒక తుపాకిని మింగలేనా? ఆయన చెప్పేటప్పుడు మొహం చూశావా ఎప్పుడన్నా? మిగతా కథలకు కళ్లు నవ్వేవి. దీనికి నవ్వేవి కావు. అందుకే అడగలేదు." కాగితం మీద వేలు పెట్టింది. "నేనొచ్చింది సంతకం కోసం కాదు. ఈ నంబరుది ఎక్కడుందో నువ్వే కనిపెట్టగలవని. మామగారు పోయే ముందు నాతో అన్నారు. 'అటక మీంచి మాయమైన నా తుపాకి పోలేదమ్మా, ఈ కొండల్లోనే తిరుగుతోంది, ఒకసారి చూశాను' అని. ఎవరి దగ్గరో చెప్పలేదు."

ఆర్లీకి అప్పుడు గుర్తొచ్చింది. డెబ్బై నవంబరు. మంచులో, కంచె దగ్గర హోబర్ట్ ఎదురయ్యాడు. "ఏదీ, ఒకసారి ఇలా ఇయ్యి," అని తుపాకి అందుకున్నాడు. భుజానికి ఎత్తి చూశాడు. కోసిన చెక్క కొస మీద బొటనవేలు ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు. "తేలికైంది," అన్నాడు. తిరిగి ఇచ్చేసి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. మెచ్చుకున్నాడనుకుని ఆర్లీ ఆ రోజంతా పొంగిపోయాడు.

లేచి తలుపు వెనక నుంచి తన తుపాకి తెచ్చి, బోల్టు తెరిచి, కాగితం పక్కన పడుకోబెట్టాడు. నెడ్రా నంబరు చదివింది. కాగితం చదివింది. మళ్లీ నంబరు చదివింది.

"పీపాలోదని చెప్పి డెంజిల్ కోశాడు. దీని ముందు చెక్క నా కాలి మీదే పడింది," అన్నాడు ఆర్లీ. "పట్టుకున్నది నేనే."

నెడ్రా తుపాకి వెనక భాగం తట్టింది. "ఈ ఎర్ర రబ్బరు ముక్క ఎవరి పని?"

"నాదే. భుజానికి మెత్తగా ఉంటుందని."

"ఈ మెరుపు?"

"పడవలకు వేసే వార్నిష్."

"అయ్యో దేవుడా! మా ఆయన ముక్కు కోస్తే నువ్వు లిప్‌స్టిక్ పూశావన్నమాట," అని నెడ్రా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇదే తగిలిద్దాం ఆర్లీ. నీకు ప్రాణం కదా, అడగకూడదు, అడుగుతున్నా."

"అడగక్కర్లేదు. నాది కాదుగా."

సోమవారం హాల్లో కాఫీ, మొక్కజొన్న రొట్టె, బీన్స్. అందంగా పాలిష్ చేసిన తుపాకి కోసం వచ్చినవాళ్లు గోడ మీద ఆ పొట్టి, ఎర్ర రబ్బరు తొడుక్కున్న అనాకారిని చూసి బిత్తరపోయారు. హాలు చూసుకునే బర్ల్ కళ్లజోడు సర్దుకుని అట్ట పైకి చదివాడు.

'జర్మనీ నుంచి తెచ్చినవారు కార్పొరల్ హోబర్ట్ కట్‌లిప్. 1967లో, అడక్కుండా అటక మీంచి దించి, కోసి పాడుచేసినవారు ఆయన కొడుకు డెంజిల్, పట్టుకున్న ఆర్లీ టెనెంట్. హోబర్ట్‌కు అది తెలుసు. ఒక్క మాట అనలేదు.'

హాలు గొల్లుమంది. ఆర్లీ చెవులు కాలాయి. తల దించుకుని కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నవ్వులు సద్దుమణిగాయి. అయినా ఎవరూ గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

"మా పెదనాన్నది జపాన్ తుపాకి," అన్నాడు బర్ల్ ఎవరితోనూ కాదన్నట్టు, గోడతోనే. "అరవై నాలుగులో. గొట్టం ఇంత కోసేశా. ఆ ముక్కతో గేటుకి గొళ్లెం చేశా."

"మా నాన్నది నేను చెక్కంతా సాన పెట్టి ముద్రలన్నీ ఎగరగొట్టా," అన్నాడు మెయిల్ బండి నడిపే క్లెటస్. "అమ్మ చూసి ఎంత బాగా మెరుస్తోందో అంది. నాన్న బయటికెళ్లి కట్టెలు కొట్టుకున్నాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒకరి తర్వాత ఒకరు గోడ దగ్గరికి వచ్చారు. ఒకడు రంపం అన్నాడు, ఒకడు ఆకురాయి అన్నాడు, ఒకడు అన్న తెచ్చినదాన్ని కుక్కపిల్లకు మార్చుకున్నానన్నాడు. అంతా డెబ్బైల్లో పడినవాళ్లే, తండ్రులంతా ఎప్పుడో మట్టిలో కలిసినవాళ్లే. నెడ్రా కాఫీ కూజా పట్టుకుని వాళ్ల వెనకే తిరుగుతోంది. కూజా రెండుసార్లు అడుగంటింది.

ఆర్లీ లేచి చూశాడు. వరస ఇంకా తలుపు దాకా ఉంది. చివర్లో, ఊళ్లో ఎవరితోనూ మాట్లాడడని పేరున్న ముసలాయన ఒకడు, టోపీ తీసి చేత్తో నలుపుతూ, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు.