మామిడి మానులో సీసం గుండు

లక్కూరు గుట్ట కింద, పట్టపగలు, అందరూ చూస్తుండగానే చిన్నన్నను కాల్చి చంపారు. క్వారీ లారీకి అడ్డం నిలబడి, ‘ఇది మా పశువులు మేసే గోమాళం’ అన్నాడు. అదే అతని నేరం. కాంట్రాక్టర్ కావలివాడు తుపాకి ఎత్తాడు. గుండు చిన్నన్న రొమ్ములోంచి దూసుకుపోయి, వెనకున్న మామిడి మానులో దిగబడింది.

పక్కనే ఉన్న మునివెంకటమ్మ చీరంతా నెత్తురైంది.

ఎస్సై వచ్చి శవాన్ని బండెక్కించాడు. “కావలోడు పిట్టలు కొట్టే సీసం రవ్వలు గాల్లోకి కాల్చినాడు. పొరపాటున తగిలింది. ఇంగ ఇండ్లకు పోండి.”

మునివెంకటమ్మకు ఒళ్లు మండింది.

“ఎవురికి చెప్తావు సార్? రవ్వలైతే గుప్పెడు రాగులు చల్లినట్టు పడతాయి. వాని రొమ్మున ఒకటే చిల్లు, నా బొటనవేలంత! అడివిపందిని కొట్టే ఒంటి గుండు అది. దగ్గర నిలబడి, మనిషిని చూసే కొట్టినాడు.”

“తుపాకి సంగతి నీకేం తెలుసమ్మా?”

“మా ఇంటాయన రాగిచేను కాస్తావుంటే ఇరవై ఏండ్లు ఆయన తుపాకిలో మందు కూరినాను. ఎలక్షన్లని మా తుపాకులన్నీ స్టేషన్లో పెట్టించుకొంటిరే, ఆ కాంట్రాక్టర్‌ది పెట్టించుకోలేదేమి?”

అంతలో కాంట్రాక్టర్ మనుషులు రంపం మిషన్ తెచ్చారు. దారికి అడ్డమని మామిడి చెట్టు కోసేస్తారట.

“పోదాం పదండమ్మా, పోలీసోళ్లతో పెట్టుకుంటే బతకలేం” అన్నాడు ముసలి గుండప్ప.

“చెట్టుతో పాటు దాంట్లో గుండు పాయనంటే కేసూ పాయ! రేపు ఇంగొకని రొమ్ము చూపిస్తావా గుండప్పా?” అని అరిచింది మునివెంకటమ్మ.

చిన్నన్న భార్య నాగరత్న ఏడుపు ఆపింది. తిన్నగా నడిచి వెళ్లి చెట్టుకు వీపు ఆనించి నిలబడింది. మునివెంకటమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఒక్కొక్కరే ఆడవాళ్లంతా చేరి చెట్టు చుట్టూ దడి కట్టారు. పైన క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లు సుత్తెలు పడేసి దిగి వచ్చారు.

పోలీసులు మునివెంకటమ్మను జుట్టు పట్టి ఈడ్చి జీపులో పడేశారు. ఆమె కమ్మీల్లోంచి చూసింది. తాను వదిలిన చోట గుండప్ప నిలబడి ఉన్నాడు. చెట్టుకు వీపు ఆనించి గట్టిగా అరిచాడు.

“గుండు తీస్తే జడ్జి సార్‌ను పిలిపించి, మా అందరి కండ్ల ముందర తీయండి. లేదంటే ముందు నన్ను కోయండి!”