టేపు ముందు ముసలయ్య

ఉత్తరాదిన ఆదిత్యపూర్‌లో తెల్లరాయి పిండి కొట్టే మిల్లులో ముసలయ్య పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. ఏటా గేటు పాసు ఇచ్చేముందు ఛాతీ కొలిచేవారు. ఊపిరి పీలిస్తే ఐదు సెంటీమీటర్లు పెరగాలి. పెరగకపోతే ఇంటికి పో. అంతే.

ఆ కొలత దాటే కిటుకు మా కూలీలందరికీ నేర్పింది నేనే. టేపు పడగానే భుజాలు జారవిడిచి ఉన్న గాలంతా వదిలెయ్. పీల్చమనగానే మోచేతులు వెనక్కి లాగి, వీపు కండలు బిగించు. ఎముకలు కదలకపోయినా టేపు కదులుతుంది. ఎందరి పాసులో కాపాడానని గొప్పలు పోయేవాణ్ని. సిగ్గులేని గొప్పలు.

ఆరోగ్యంగా ఉన్నవాడు గాలి పీలిస్తే పక్కటెముకలు బకెట్టు పిడిలా పైకి, పక్కకి లేస్తాయి. ముసలయ్యవి లేవడం మానేశాయి. లోపల రాతిపొడి గట్టిపడింది. మిల్లువాడేమో బీడీల వల్లే అంటాడు. ముసలయ్య జన్మలో బీడీ ముట్టలేదు. రాతిపొడి జబ్బేనని సర్కారు మెడికల్ బోర్డు డాక్టరు రాస్తే పింఛను, మందులు. రాయకపోతే మళ్లీ అదే మిల్లు.

బోర్డు గది బయట బల్ల మీద ముసలయ్య, అతని భార్య అయిన మా అక్క సన్యాసమ్మ, నేను కూర్చున్నాం.

"బావా, ఈ పాలి కిటుకు వద్దు. ఉన్నట్టే పీల్చు," అన్నాను.

"తెలుసులేరా. నాకేటి మతి పోనాదా?"

"ఉంటే కదా పోడానికి! పెళ్లినాడే చూసినాను," అంది సన్యాసమ్మ.

ముసలయ్య నవ్వబోయి దగ్గాడు.

ముగ్గురం లోపలికెళ్లాక డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశాడు. పాత టీబీ కూడా కావచ్చు, ఛాతీ కొలత చూసి రాస్తానన్నాడు. కంపౌండరు టేపు చుట్టాడు.

"సాఁస్ ఛోడో," అని ఊపిరి వదలమన్నాడు.

ముసలయ్య భుజాలు జారాయి. వద్దని సైగ చేశాను. అతను గోడకేసి చూస్తున్నాడు.

"అబ్ ఖీంచో!" అని పీల్చమన్నాడు.

మోచేతులు వెనక్కి వెళ్లాయి. వీపు బిగిసింది. పంతొమ్మిదేళ్ల అలవాటు.

"పాంచ్," అన్నాడు కంపౌండరు. డాక్టరు రాసేసుకున్నాడు.

"అది ఊపిరి కాదు సార్, కండ! చెయ్యి పెట్టి చూడండి!" అని హిందీలో అరిచాను. ఆయన తలెత్తలేదు. ఊపిరి బాగానే ఉంది, ఆరు నెలలాగి రమ్మన్నాడు.

బయటికొచ్చి ముసలయ్య గోడ పట్టుకుని ఆయాసపడ్డాడు. "ఐదొచ్చింది సూసినావా?" అన్నాడు సంబరంగా. మా మొహాలు చూశాకే అతనికి అర్థమైంది. అక్కడే చతికిలబడిపోయాడు.

సన్యాసమ్మ తిట్టలేదు. అతని చొక్కా కిందికి అరచెయ్యి పోనిచ్చి పక్కటెముకల మీద చాలాసేపు ఉంచింది.

"కదల్నేదు తమ్ముడా," అంది నాతో.

తిరుగు దారిలో మా ఆటో ఖర్కాయి నది వంతెన ఎక్కింది. ముసలయ్య భుజాలు కదపకుండా చిన్నగా గాలి పీల్చాడు.

"ఇలగేనేట్రా బామ్మర్దీ? మల్లీ ఎల్లినప్పుడు ఇలగ పీల్చాలా?"

"అంతకన్నా ఎక్కువ పీల్చు చూద్దాం," అన్నాను.

నోరు తెరిచాడు. అంతకన్నా గాలి రాలేదు.